రేవుకి దారి మా హాల్లోంచే

మణిదీప్ తన సొంత ఇంట్లో మొదటిసారి నిద్ర లేచిన పొద్దున, నోట్లో బ్రష్షుతో హాలు మధ్యలో నిలబడి ఉండగా, గాలి కోసం తీసిపెట్టిన వీధి గుమ్మంలోంచి ఒక అమ్మాయి లోపలికి వచ్చింది.

ఎవరండీ అని పిలవలేదు. చేతిలో నీలం రంగు ఐసుపెట్టె, భుజాన గొడుగు. అతని పక్కనుంచే నడిచి, హాలు దాటి, పెరటి గుమ్మం వైపు వెళ్లిపోతోంది.

మణిదీప్ బ్రష్షు తీసి, "ఏవండీ, ఎవరు కావాలి?" అన్నాడు.

"ఎవరూ అక్కర్లేదండి. పడవ కావాలి."

"ఇది ఇల్లండి."

"ఇల్లేనండి. రేవుకి దారి కూడాను." ఆ అమ్మాయి పెరటి గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగింది. "కొత్తగా కొన్నది మీరేనా? అయితే ఆ లుంగీ కాస్త కిందికి దించుకోండి. వెనకాల బడిపిల్లలొస్తున్నారు."

చెప్పినట్టే బడిపిల్లలు వచ్చారు. వాళ్ల వెనక అరటిగెల మోసుకుంటూ ఒకాయన వచ్చాడు. ఆయన వెనక ఒక ముసలావిడ వచ్చి, పోతూ పోతూ, కాఫీ తాగావా నాయనా అని అడిగింది. మణిదీప్ నోటినిండా నురగతో లేదని తలూపాడు. అప్పటికి పెరట్లో మెట్ల కింద, గోదావరి ఒడ్డున, పడవ నిండింది.

మణిదీప్‌ది భీమవరం. రాజమండ్రిలో రొయ్యల మేత కంపెనీ డిపోలో ఉద్యోగం. అతనికి ఒక సిద్ధాంతం ఉంది. ఉండే ఇల్లు వేరు, సంపాదించిపెట్టే ఇల్లు వేరు. ఉండటానికి అద్దె గది చాలు. కొనే ఇల్లు మాత్రం అద్దెకిచ్చుకోవాలి. సొంత ఇంట్లో ఉండటమంటే, పాలిచ్చే గేదెని కొని దాని మీద కూర్చుని ఊరేగటం లాంటిదని అతను స్నేహితులకి చెప్పేవాడు.

తల్లి లోవలక్ష్మికి ఈ సిద్ధాంతం మింగుడుపడలేదు. భీమవరంలో తన కళ్లెదుట ఒక ఫ్లాటు కొనుక్కుని, పెళ్లి చేసుకుని, అందులో పడుండమని ఆవిడ కోరిక. మణిదీప్ భీమవరంలో చూశాడు, కాకినాడలో చూశాడు, రాజమండ్రిలో చూశాడు. అన్నిచోట్లా ధరలు విని వెనక్కొచ్చాడు. చివరికి శ్యాంబాబు అనే బ్రోకరు పట్టిసీమలో గోదావరి ఒడ్డునున్న పెంకుటిల్లు చూపించాడు. గుడికొచ్చే యాత్రికులు, ఎత్తిపోతల పథకం దగ్గర పనిచేసే ఉద్యోగులు, ఎవరో ఒకరు అద్దెకి ఎగబడతారని మణిదీప్ లెక్కగట్టాడు. వీధి గుమ్మం, పెరటి గుమ్మం ఎదురెదురుగా ఉన్నాయి, గాలి దూసుకుపోతుందని శ్యాంబాబు మురిపించాడు.

అది వరద రోజుల మాట. పడవలు ఆపేశారు కాబట్టి, ఆ ఇంట్లోంచి గాలి తప్ప ఇంకేదీ దూసుకుపోవటం మణిదీప్ చూడలేదు.

ఆ పొద్దున్నే ఫోన్ చేసి శ్యాంబాబుని పట్టుకున్నాడు. దారి సంగతి ఎందుకు చెప్పలేదని నిలదీశాడు.

"చెప్తే కొనేవారాండి?" అన్నాడు శ్యాంబాబు.

"కొనేవాణ్ని కాదు."

"అందుకేనండి."

ఈ జవాబులో తప్పు ఎక్కడుందో మణిదీప్‌కి వెంటనే దొరకలేదు. దొరికేలోపు శ్యాంబాబు ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు ఐసుపెట్టె అమ్మాయి మిగతా కథ చెప్పింది. ఆమె పేరు దుర్గాశ్రీ. పట్టిసీమ పిల్లే. గోదావరి అవతలి ఒడ్డున పశువుల ఆసుపత్రిలో సహాయకురాలు. పెట్టెలో ఉండేది దూడలకి వేసే టీకామందు. ఇల్లు అమ్మిన అప్పాజీగారి తాత, ఊరివాళ్లు రేవుకి పోయే కాలిబాట మీద ఈ ఇల్లు కట్టేశాడట. గొడవైంది. పెద్దలు కూర్చుని తీర్పు చెప్పారు. ఇల్లు పడగొట్టక్కర్లేదు, కానీ తెల్లారినప్పటి నుంచి దీపాలు పెట్టేదాకా రెండు గుమ్మాలూ తెరిచి ఉంచాలి. తాతగారు సరేనన్నారు. ఊరు అప్పటినుంచీ నడుస్తోంది.

"ఎన్నాళ్లు నడుస్తారండి ఇలాగ?" అన్నాడు మణిదీప్.

"గోదావరి ఉన్నన్నాళ్లూనండి," అని చెప్పి పడవ ఎక్కింది.

అద్దెవాళ్లు దొరికేదాకా ఇల్లు కాపలా కాయాలని మణిదీప్ రాజమండ్రి గదిలోంచి తన పరుపు తెచ్చుకున్నాడు. రోజూ బండి మీద డిపోకి వెళ్లొస్తున్నాడు. అద్దెవాళ్లు వచ్చారు, వచ్చినంత వేగంగానూ వెళ్లిపోయారు. మొదట దిగిన ఇంజినీరు వంట చేసుకుంటుంటే, కాఫీ అడిగిన ముసలావిడ దారిన పోతూ మూత తీసి రుచి చూసి, ఉప్పు చాల్లేదని చెప్పింది. ఆయన ఆ సాయంత్రమే సామాను సర్దాడు. తణుకు నుంచి కొత్తగా పెళ్లైన జంట వచ్చింది. పొద్దున్నే వాళ్ల మంచం పక్కనుంచి వెళ్తూ ఊరంతా దీవించింది. పిల్లాపాపలతో చల్లగా ఉండమన్న ఆశీర్వాదం వినీ వినీ ఆ అమ్మాయి ఏడుపు లంకించుకుంది. ధ్యానం నేర్పే గురువుగారొకరు మాత్రం కళ్లు మూసుకుని కొంతసేపు కూర్చోగలిగారు. ఈలోగా ఎవరో ఆయన ఒళ్లో చేపల బుట్ట పెట్టి, చెప్పు తెగింది, కాస్త పట్టుకోండి అన్నారు.

మణిదీప్‌కి తిక్క రేగింది. ఒక సోమవారం పొద్దున, ఎవరూ రాకముందే రెండు గుమ్మాలకీ తాళాలేసి రాజమండ్రి వెళ్లిపోయాడు. ఊరు దండెత్తుతుందని, పంచాయితీ పెడుతుందని రోజంతా డిపోలో గట్టి జవాబులు తయారుచేసుకున్నాడు.

సాయంత్రం తిరిగొచ్చేసరికి రెండు తలుపులూ గోడకి ఆనించి ఉన్నాయి. బందులతో సహా ఊడదీశారు. హాలునిండా జనం. అతన్ని చూడగానే ముసలావిడ లేచి వచ్చి, ఒళ్లంతా తడిమి, వీపు మీద ఒక్కటి వేసింది.

విషయం ఏంటంటే, ఆ ఇంటికి తాళం పడటం ఊళ్లో ఎవరూ ఎరగరు. లోపల అతనికేదో అయిందనుకున్నారు. పిలిచారు. పలక్కపోయేసరికి తలుపులు ఊడదీసి మంచం కింద కూడా వెతికారు. గోదాట్లో దిగాడేమోనని పడవ వేసుకుని ఒడ్డు పొడుగునా గాలించారు. ఒంట్లో బాగాలేని మనిషి వంటేం చేసుకుంటాడని ఎవరో చారన్నం పెట్టిన క్యారియరు కూడా వంటింట్లో సిద్ధంగా ఉంది.

దుర్గాశ్రీ ఒక పక్కగా ఐసుపెట్టె మీద కూర్చుని ఉంది. జుట్టు రేగిపోయి ఉంది. ఆమె ఆ పూట పడవ ఎక్కలేదు.

"మీ కంపెనీ నంబరు కోసం ఊరంతా తిరిగానండి," అంది. "ఒక్కరి దగ్గరా లేదు. ఇన్నాళ్లుగా మీ ఇంట్లోంచి నడుస్తున్నాం, మీ ఫోన్ నంబరు ఎవరూ అడగలేదు."

మణిదీప్ తయారుచేసుకొచ్చిన జవాబుల్లో ఒక్కటీ దీనికి పనికిరాలేదు. ఫోన్ తీసి నంబరు చెప్పాడు. ముందు దుర్గాశ్రీ రాసుకుంది. తర్వాత హాల్లో ఉన్నవాళ్లందరూ రాసుకున్నారు. మర్నాటి నుంచి గేదె ఈనినా, పడవ ఆలస్యమైనా ఊరు అతనికే ఫోన్ చేయటం మొదలుపెట్టింది.

తలుపులు మళ్లీ బిగించుకున్నాడు గాని తాళాలు గోదావరిలో పారేశాడు. మర్నాడు పొద్దున్నే ఐసుపెట్టె పడవదాకా తనే మోశాడు. అలా మోయటం అలవాటైపోయింది.

కార్తీకంలో ఒక సాయంత్రం తుపాను వాన పట్టుకుంది. పడవ దిగిన జనమంతా హాల్లోకి వచ్చి ఆగిపోయారు. వాళ్లతో పాటు ఒక గేదె కూడా వచ్చింది. వాన తగ్గాక మనుషులు కదిలారు, గేదె కదల్లేదు. సిమెంటు నేల చల్లగా ఉండి దానికి నచ్చినట్టుంది. గేదెగలాయన తాడు పట్టి లాగాడు, బతిమాలాడు. దుర్గాశ్రీ తలవైపు చేరి గంగడోలు నిమురుతూ ఏదో చెప్పింది. వెనకనుంచి నెట్టమని మణిదీప్‌కి సైగ చేసింది.

అతను నెట్టాడు. గేదె వీపు మీదుగా ఆమె ముఖం కనిపించింది. వాననీళ్లు కనుబొమల నుంచి చెంపల మీదికి జారుతున్నాయి. నెట్టటం మరిచిపోయాడు.

"నెడుతున్నారాండి?"

"నెడుతున్నానండి."

"చేతులు గోడ మీదున్నాయండి."

చూసుకుంటే నిజమే. గేదె తనంతట తనే విసుగుపుట్టి నడిచివెళ్లిపోయి చాలాసేపైంది. మణిదీప్ గోడని నెడుతున్నాడు.

ఆ తర్వాత వచ్చిన అద్దెవాళ్లకి ఇల్లు నచ్చటం మానేసింది. ఎందుకంటే మణిదీప్ వాళ్లకి ఇంట్లో ఉన్న లోపాలన్నీ చెప్పేవాడు. లేనివి కూడా చెప్పేవాడు. నెలకోసారైనా రాజమండ్రికి మారిపోవాలనుకునేవాడు. పొద్దున్నే వీధిలో చెప్పుల చప్పుడు వినగానే ఆ ఆలోచన వాయిదా పడేది.

శివరాత్రికి లోవలక్ష్మి భీమవరం నుంచి వచ్చింది. కొడుకు కొన్న ఇల్లు అదే మొదటిసారి చూడటం. గుడి నది మధ్య కొండ మీద ఉంది. తీర్థానికి వచ్చిన జనానికి గుడికి పడవలు పోయే పెద్ద రేవు చాల్లేదు. పొద్దున్నే మొదలై, మనుషులు హాల్లోంచి ఏరులా పారారు. ఇంట్లో ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్లటానికి మణిదీప్ వీధిలోకి వచ్చి, చుట్టూ తిరిగి, పెరట్లోంచి రావలసి వచ్చింది. లోవలక్ష్మి వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని చాలాసేపు చూసింది. ఒరే, నువ్వు ఇల్లు కొన్నావా, రేవు కొన్నావా అని అడిగింది. కానీ మధ్యాహ్నానికల్లా ఆవిడే బిందెలతో మజ్జిగ కలిపి పోస్తోంది. ఆ చేతికి గ్లాసులందిస్తున్నది దుర్గాశ్రీ. ఆ పిల్ల పేరు, ఊరు, ఉద్యోగం, వాళ్ల నాన్నగారి పొలం ఎక్కడుందో, అన్నీ లోవలక్ష్మి మజ్జిగ పోస్తూనే కనుక్కుంది.

ఆ జనంలోనే ఒక పెద్దమనిషి ఇల్లు చూసి ఆగాడు. నది ఒడ్డున రిసార్టు కట్టాలని తిరుగుతున్నాడట. మంచి ధర ఇస్తానన్నాడు. ఒక్కటే షరతు, దారి మూసెయ్యాలి. ఆలోచించి చెప్తానన్నాడు మణిదీప్. హాల్లో అన్న మాట కాబట్టి, సాయంత్రానికి ఊరంతా తెలిసింది. మణిదీప్ అమ్మేస్తున్నాడని తెలిసింది.

మర్నాడు దుర్గాశ్రీ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. గట్టు మీదుగా చుట్టుదారిన వెళ్తోందని ముసలావిడ చెప్పింది. రిసార్టు పెద్దమనిషికి కుదరదని చెప్పేసినా, ఆ సంగతి ఆమె చెవిన పడినట్టు లేదు. మణిదీప్ ఫోన్ చేశాడు. ఎత్తలేదు. పొద్దున్నే వెళ్లి రేవులో నిలబడ్డాడు.

ఆమె గట్టు దిగి వచ్చింది. పెట్టె చేతులు మార్చుకుంటూ అతన్ని చూసి, చూడనట్టు నది వైపు తిరిగింది.

"ఇల్లు అమ్మట్లేదండి," అన్నాడు.

"తెలుసండి. అదే రోజు మీ అమ్మగారు ఫోన్ చేసి చెప్పారు."

మణిదీప్ బిత్తరపోయాడు. "మరి చుట్టుదారెందుకండి?"

దుర్గాశ్రీ పెట్టె కింద పెట్టింది. "మీ హాల్లోకి వచ్చాక నా నడక నెమ్మదవుతోందని ఊళ్లో అంటున్నారండి. మా అమ్మ కూడా అంది. నేను కాదన్నాను. శివరాత్రి వెళ్లిన మర్నాడు వద్దామని బయల్దేరి, మీ గుమ్మం దాకా వచ్చి ఆలోచించుకున్నాను. నిజమే అనిపించింది. వెనక్కెళ్లిపోయాను."

పడవవాడు తాడు విప్పాడు గాని పడవ తొయ్యలేదు. పడవలో ఉన్నవాళ్లెవరూ తొందరపెట్టలేదు.

"నేనూ ఒకటి చెప్పాలండి," అన్నాడు మణిదీప్. "అద్దెవాళ్లు దొరక్క కాదు. నేనే పంపించేస్తున్నాను. మొన్నొకాయనకి బాగా నచ్చేసింది. పాములొస్తాయని చెప్పాను."

"పాములా?"

"రావండి. మీరు ఆ దారిన వచ్చే టైముకి నేను అక్కడ లేకపోతే ఎలాగా అని. ఆ ఇంట్లో ఉంటే పొద్దున్న అయ్యేదాకా ఓపిక పట్టగలుగుతున్నాను. పెళ్లయ్యాక కూడా అక్కడే ఉందామండి."

దుర్గాశ్రీ అరచేత్తో నోరు మూసుకుంది. నవ్వు కళ్లలోంచి వచ్చేసింది. "పెళ్లి సంగతి అడక్కుండానే కాపురం దాకా వెళ్లిపోయారే."

"అడుగుతున్నానండి."

"ఆదివారం హాల్లోనే ఉండండి. మావాళ్లు చూడాలి," అని పడవెక్కింది. పడవలో ఉన్న అరటిగెలల ఆయన జరిగి ఆమెకి ముందు చోటిచ్చాడు.

ఆదివారం లోవలక్ష్మి జీడిపప్పు ఉప్మా, బూరెలు చేసి, కుర్చీలు వేసి ఎదురుచూసింది. పెళ్లివారు రాలేదు. మామూలుగా జనం నడుస్తున్నారు. ఒకాయన ఆగి పడవ ఎన్నింటికని అడిగి, జవాబు కన్నా మణిదీప్ ముఖాన్ని శ్రద్ధగా చూసి వెళ్లాడు. ఒకావిడ గడియారం సరిగ్గా తిరుగుతోందా బాబూ అని అడిగింది. ఇంకొకాయన ద్వారబంధం చెక్క తట్టి చూశాడు, తర్వాత మణిదీప్ భుజం కూడా తట్టి చూశాడు. ఒక బామ్మ ఆ గుమ్మం నుంచి ఈ గుమ్మానికి, ఈ గుమ్మం నుంచి ఆ గుమ్మానికి తిరుగుతూనే ఉంది.

అందరూ రేవులోకి దిగుతున్నారు గాని పడవ ఎవరూ ఎక్కట్లేదని లోవలక్ష్మే గమనించింది. వాళ్లే పెళ్లివారు. బాహాటంగా వచ్చి కూర్చుంటే, కుదరనప్పుడు పిల్లకి మాట వస్తుందని, దారినపోయేవాళ్లలా వస్తున్నారు. ఆవిడ పళ్లెం పట్టుకుని నిలబడి, వెళ్లేవాళ్లకి ఉప్మా, తిరిగొచ్చేవాళ్లకి బూరెలు అందించింది. నాలుగో విడతలో బామ్మ ఆగి కుర్చీలో కూలబడి, ఇంక నడవలేను, అబ్బాయి బాగానే ఉన్నాడు, ముహూర్తాలు పెట్టించండి అంది.

పేచీ అంతా ఆ తర్వాతే వచ్చింది. పెళ్లయ్యాక ఆ ఇంట్లో ఉండనని దుర్గాశ్రీ తేల్చిచెప్పింది.

"ఇది ఇల్లేనని మొదటి రోజు మీరే కదండి అన్నారు?" అన్నాడు మణిదీప్.

"ఒక్కరుండటానికి ఇంతకన్నా మంచి ఇల్లు లేదండి. ఇద్దరుండటానికి ఇంతకన్నా చెడ్డది లేదు. నాకు మూసుకునే తలుపు కావాలి."

మణిదీప్ మళ్లీ శ్యాంబాబుకే ఫోన్ చేశాడు. శ్యాంబాబు వెనక వీధిలో రెండు గదుల వాటా చూపించాడు. దుర్గాశ్రీ తలుపు వేసి, గడియ పెట్టి, మళ్లీ తీసి చూసి, సరేనంది. ఉండటానికి అద్దె ఇల్లు, అద్దెకి సొంత ఇల్లు. మణిదీప్ సిద్ధాంతం నెగ్గింది. దాన్ని నెగ్గించింది అతను మాత్రం కాదు.

సొంత ఇంటికి మనిషి దొరకటమే మిగిలింది. రాజమండ్రి నుంచి యెహెజ్కేలుగారని ఒకాయన వచ్చారు. బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఒంటరి మనిషి. ఈసారి మణిదీప్ ఏదీ దాచలేదు, ఏదీ కల్పించలేదు. బడిపిల్లల గురించి, ఉప్పు చూసే ముసలావిడ గురించి, గేదె గురించి, శివరాత్రి గురించి వరసగా చెప్పాడు. యెహెజ్కేలుగారు చేతులు కట్టుకుని విన్నారు.

"ఆదివారాలు కూడా వస్తారాండి?" అన్నారు చివరికి.

"వస్తారండి."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "నేనుండేది మూడో అంతస్తు ఫ్లాటండి. ఆదివారం చర్చికెళ్లొస్తే, మళ్లీ ఆదివారం దాకా మనిషి కంటపడడు. నాకు ముప్ఫయ్యేళ్లూ జనంలో నిలబడటమే అలవాటు. ఇల్లు నాకివ్వండి."

వైశాఖంలో పెళ్లైంది. సెలవులయ్యాక మొదటి పొద్దున, మణిదీప్ ఐసుపెట్టె పట్టుకుని భార్యతో రేవుకి బయల్దేరాడు. సొంత ఇంట్లోకి దారినపోయేవాడిలా అడుగుపెట్టాడు. హాలు అప్పటికే నిండుగా ఉంది. యెహెజ్కేలుగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని మధ్య స్తంభం పట్టుకుని నిలబడ్డారు. పడవకెళ్లేవాళ్లని కుడివైపు, ఊళ్లోకొచ్చేవాళ్లని ఎడమవైపు నడిపిస్తున్నారు. ముసలావిడ ఆయన పప్పులో ఉప్పు సరిపోయిందని ఒప్పుకుంటోంది.

పెరటి గుమ్మం దగ్గర దుర్గాశ్రీ ఆగింది. మణిదీప్ చేతిలోంచి పెట్టె అందుకుంది. అందుకుందే గాని కదల్లేదు. ఎంత లేదన్నా సాయంత్రం దాకా తను తిరిగిరాదు. అతనూ పిడి వదల్లేదు.

వెనకనుంచి యెహెజ్కేలుగారి గొంతు వినిపించింది.

"ఓనరుగారూ, కొంచెం ముందుకి జరగాలండి. వెనకాల జనం ఉన్నారు."

ఇద్దరూ ఒకే పిడి పట్టుకుని మెట్లు దిగారు. ఆ పూట మణిదీప్ డిపోకి ఆలస్యంగా వెళ్లాడు. పడవలో అవతలి ఒడ్డు దాకా వెళ్లి, తిరిగి రావలసి వచ్చింది మరి.